కిటికీ పక్క దీపం

"ఆ దీపం ఆర్పెయ్యి. కొనేవాళ్ళు వచ్చేశారు. ఇంట్లో నూనె వాసనొస్తే రేటు పడిపోతుందట," అన్నారు మా ఆయన.

"ఆర్పెయ్యి అనకూడదండీ. దానంతటదే కొండెక్కుతుంది," అన్నాను.

పెట్టిన ఖర్చంతా ఇల్లు అమ్మినప్పుడు తిరిగొస్తుందని, అమెరికాలోని మా నేపర్‌విల్ ఇంటికి కొత్త కిటికీలు వేయించారాయన. ఈ రోజు ఆయన మాటకు పరీక్ష.

నీహారిక, ఆమె అత్తగారు కోటమ్మ లోపలికొచ్చారు.

"మూడు అద్దాల కిటికీలమ్మా! చలి లోపలికి రాకుండా అటకంతా ఇన్సులేషన్ చేయించాం. హీటింగ్ బిల్లు సగమైంది," అన్నారు మా ఆయన.

"నైస్ అంకుల్. కిచెన్ రీమోడల్ చేయించలేదా?" అంది నీహారిక.

ఆయన ముఖం వాడిపోయింది.

కోటమ్మగారు కిటికీ పక్కనున్న దేవుడి గూటి ముందే ఆగిపోయారు. బయట ఈదురుగాలికి చెట్లు వంగిపోతున్నాయి. లోపల దీపం పటంలో గీసినట్టు నిలబడింది.

"మా ఇంట్లో గాలికి దీపం కొండెక్కకుండా చెయ్యి అడ్డంపెట్టి పూజ చేస్తున్నానమ్మా! కోడలా, వీళ్ళడిగిన రేటుకే తీసుకుందాం."

"అత్తయ్యా, బేరమాడాలి!"

"దీపం ముందు బేరమా? వెళ్ళి కారులో ఉన్న అబ్బాయిని పిలుచుకురా."

ఇది కిటికీ మహిమా, స్వామి మహిమా అని మా ఆయన్ని అడగబోయాను.

ఆయనే నా చెవి దగ్గరకు వంగి, "అబ్బాయి కూడా చూడాలిగా, ఇంకాస్త నూనె పొయ్యి," అన్నారు.