నీకొకడు, నాకొకడు

పసుపు కొమ్ము కొస ఎర్రగా కాలింది. సాయవ్వ దాన్ని పొయ్యిలోంచి తీసి ఉఫ్‌మని ఊదింది. ఆమె ఎడమ చంకలో పెద్దోడు ఉన్నాడు.

"సిన్నోన్ని ఇటు తే," అంది కోడలితో.

"తేను."

చంద్రవ్వ చిన్నోడిని కొంగులో చుట్టుకుని గోడకు ఆనుకుంది. వాడి ఒళ్లు కాలిపోతోంది. ఇద్దరూ కవలలు, ఏడు నెలల వాళ్లు.

"పొట్ట మీద రెండు వాతలు పెడితే జరం దిగుతది. ఎడపల్లిల ఎంతమందికి పెట్టలేదే నేను?"

"పెట్టినవ్. నీ కొడుకు పొట్ట మీద మచ్చలు ఇంక పోలే."

అరుగు మీదున్న చంద్రవ్వ మొగుడు రాజలింగు అంగీ కిందికి లాక్కున్నాడు.

"ఒక్క వాతే గదనే, పెట్టనియ్యరాదు," అన్నాడు మెల్లగా.

"ముందుగాల నువ్వు పెట్టిచ్చుకో. సూసి సెప్త."

రాజలింగు అంగీ ఇంకాస్త కిందికి లాక్కున్నాడు.

కంఠసర్పికి, కోరింత దగ్గుకు, ధనుర్వాతానికి కలిపి బోధన్ దవాఖానలో ఒకే సూది వేస్తున్నారు. ఆ సంగతి తెలిసిన నాడు ఇంట్లో పెద్ద లొల్లి అయింది. చివరికి తీర్పు సాయవ్వే చెప్పింది. "సిన్నోడు నీకు, పెద్దోడు నాకు. నీ పోరన్ని ఏమన్న జేస్కో. నా పోరని మీద సూది పడొద్దు." నిన్న ఆమె పిల్లలిద్దరినీ కోడలి దగ్గర వదిలి పసుపు ఉడకబెట్టే కాడికి పోయింది. చంద్రవ్వ చెరుకు బండెక్కి బోధన్ పోయి వచ్చింది. తెల్లారేసరికి చిన్నోడికి ఇంత జ్వరం.

"మూడు మందులు ఒక్క సూదిల పోస్తరా? కోడెదూడ సుత తట్టుకోదు. అద్దంటే ఇన్నవా?"

"సూదికి జరమొచ్చినా ఒకటి రెండు దినాల్ల పోతదని నర్సమ్మ సెప్పింది."

"అగో! సూది జరమేనని ఒప్పుకున్నవ్!"

"ఒప్పుకోలే."

"ఒప్పుకోకు. గీన్ని సూడు!" సాయవ్వ పెద్దోడిని ఎగరేసి మళ్లీ చంకలో పెట్టుకుంది. వాడు ఆమె మెడలోని గుండ్ల దండ పట్టుకుని కిలకిల నవ్వాడు. "మందు లేదు, మాకు లేదు. నా పోరడు రాయి లెక్క ఉన్నడు. ఇగ జరుగు."

కొమ్ము చిన్నోడి దగ్గరికి వచ్చింది. చంద్రవ్వ అత్త మణికట్టు పట్టుకుంది. కొమ్ము లాగి నీళ్ల గోలెంలో పడేసింది. సుయ్‌మంది.

"నా సేతిలది గుంజుకుంటవా! పోరన్ని సంపుకునుడు నువ్వు, ఆపితె తప్పు నాదా?"

"బండి కట్టు," అంది చంద్రవ్వ మొగుడితో. "దవాఖానకు పోవాలె."

"మల్లొక సూదికా?" సాయవ్వ గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"సిన్నోనికి ఇంక ఒక్కటి సుత పడలే అత్తా. నిన్ననే ఒళ్లు ఎచ్చగుందని నర్సమ్మ వాపస్ పంపింది. తగ్గినంక తెమ్మన్నది."

"అవద్దాలు! మరి బోధన్ల ఏం జేసొచ్చినవ్?"

చంద్రవ్వ దగ్గరికి వచ్చింది. అత్త చంకలో నవ్వుతున్న పెద్దోడి అంగీ పైకెత్తింది. పిర్ర మీద చీమ కుట్టినంత ఎర్రటి చుక్క ఉంది.

"సూది పడ్డది నీ పోరనికి."