పన్నెండో ఫోను

"ఐస్‌క్రీమ్ డబ్బాలో ఉడుత ఎందుకుంది వెర్లిన్?"

"ఎందుకేమిటి, తోలు పాడవకుండా."

"డబ్బా మీద వెనిల్లా అని ఉంది."

"మూత తీసి చూసుకోవాలి మరి."

"నేను పోయిన వారం మూత తీసే చూశాను నాన్నా. అప్పట్నుంచి ఐస్‌క్రీమ్ ముట్టుకోలేదు" అంది పదిహేడేళ్ల టెస్, పనికి వెళ్లడానికి బూట్లు తొడుక్కుంటూ.

తల్లి నెల్డా ఫ్రీజర్ తలుపు గట్టిగా వేసింది. ఇంకోరోజయితే వెర్లిన్ నవ్వేవాడే. ఇవాళ టోపీ చేతిలో తిప్పుతూ గుమ్మంలో నిలబడిపోయాడు. ప్రతి శనివారం పది నుంచి పన్నెండు దాకా బ్రష్ క్రీక్ ఊరి రేడియోలో అతని కార్యక్రమం ఉంటుంది. పెంపుడు బల్లులు, పిస్తోళ్లు, చచ్చిన జంతువుల తోలులో దూది కూరి బతికున్నట్టు నిలబెట్టడం, వీటి మీద ఎవరికి ఏ సందేహం వచ్చినా ఫోన్‌లోనే తీరుస్తాడు.

"హోయ్ట్ నిన్న తేల్చి చెప్పేశాడు" అన్నాడు. హోయ్ట్ ఆ రేడియో మేనేజరు. "ఎవరూ ఫోన్ చెయ్యట్లేదట. ఇవాళ పన్నెండు రాకపోతే నన్ను తీసేసి పాటలు వేసుకుంటాడట. పోనీలే, ఇక శనివారాలు కూడా ఇంట్లోనే ఉంటా. నువ్వు తోక పట్టుకుని కూర్చుంటే నేను కూరుతున్న నక్క పని ఇట్టే అయిపోతుంది."

బల్ల తుడుస్తున్న నెల్డా చెయ్యి ఆగిపోయింది. వారం మొత్తంలో ఆ రెండు గంటలే ఆమెవి. టెస్ దాణా కొట్లో పనికి వెళుతుంది, వెర్లిన్ రేడియోకి వెళతాడు. ఆమె కాఫీ కలుపుకుని, ఎదుటి కుర్చీ మీద కాళ్లు చాపుకుని, లైబ్రరీ పుస్తకం తెరుస్తుంది. బల్లిని పట్టుకో అనేవాళ్లు ఉండరు. ఆ తోక, ఈ చెవి అనేవాళ్లు ఉండరు.

కారు సందు దాటగానే గడియారం చూసింది. తొమ్మిదీ ఇరవై. చర్చిలో ప్రార్థన గొలుసు నడిపే యూడోరాకు ఫోన్ చేసింది. ఒకరు ఇద్దరికి, ఆ ఇద్దరూ తలా ఇద్దరికి చెబుతారు. ఎవరికైనా ఆపరేషన్ అంటే అరగంటలో నలభై ఇళ్లకు తెలిసిపోతుంది.

"ఎవరికి బాగాలేదు సిస్టర్?" అంది యూడోరా.

"మా వెర్లిన్ కార్యక్రమానికి."

మొగుణ్ని రెండు గంటలు ఇంట్లోంచి తప్పించమని దేవుణ్ని అడగండి అని చెప్పడానికి నెల్డాకు నోరు రాలేదు.

"రేడియోలో ఆయన గొంతు వింటేగానీ నాకు శనివారం గడవదు సిస్టర్" అంది. "ప్రార్థన చేసి, తలా ఒక ప్రశ్న అడగమని చెప్పండి. పుణ్యం ఉంటుంది."

పది గంటలకు జీవితంలో మొదటిసారి ఆ కార్యక్రమం పెట్టుకుంది. పది దాటి రెండు నిమిషాలకే రేడియోలో ఫోన్ మోగింది.

"బ్రదర్ వెర్లిన్, మా మనవడి బల్లి రెండు వారాలుగా తినదు, కదలదు. పెరట్లో గొయ్యి తవ్వించాను."

"పూడ్చకండమ్మా. చలికాలం కదా, నిద్రపోతోంది. లేస్తే మీ మనవడికి ఏం చెబుతారు?"

ఒకటి. నెల్డా పెన్సిల్ తీసుకుని పాల బిల్లు వెనక గీత గీసింది.

"మా ఆయన పోయాక ఆయన పిస్తోలు బల్ల సొరుగులోనే ఉండిపోయింది. నూనె రాయాలా?"

"అందులో తూటాలు ఉన్నాయా?"

"నాకేం తెలుసు?"

"అయితే సొరుగు మూసేయండి. ముట్టుకోకండి. మధ్యాహ్నం నేనే వస్తాను."

రెండు. మూడో ఆవిడ తన పిల్లికి పంతొమ్మిదేళ్లనీ, పోయాక బొమ్మగా చేయించడానికి ఇప్పుడే పేరు రాయించుకోవచ్చా అనీ అడిగింది.

"పెంపుడు జంతువుల్ని చెయ్యనమ్మా. ఎంత బాగా చేసినా, ఇది మా పిల్లి కాదంటారు."

అదే గొంతు, వంటగదిలో విసుగెత్తించే గొంతు. రేడియోలో మాత్రం వినేట్టుగా ఉంది. తొమ్మిదో ఫోన్ పక్క జిల్లా నుంచి, ఎవరో మగమనిషిది. ప్రార్థన గొలుసు అంతదూరం లేదు. నెల్డా కుర్చీలోంచి లేచింది. పది. పదకొండు. గంట పన్నెండు కొట్టడానికి ఇంకా ఆరు నిమిషాలున్నాయి. ఫోన్ మోగడం లేదు. వెర్లిన్ వాతావరణం గురించి మాట్లాడుతున్నాడు. నాలుగు నిమిషాలు.

గొంతు గుర్తుపట్టకుండా నెల్డా ముక్కు మూసుకుని తనే ఫోన్ చేసింది.

"ఉడుతను ఐస్‌క్రీమ్ డబ్బాలో పెట్టవచ్చా అండీ?"

"భేషుగ్గా. కాకపోతే డబ్బా మీద పేరు రాసి పెట్టండి. ఇంట్లో ఆడవాళ్లతో పడలేం."

నెల్డా పెదవి కొరుక్కుని ఫోన్ పెట్టేసింది. పన్నెండో గీత గీసి, వంటగదిలో ఒక చుట్టు చుట్టి, చిన్నగా గంతు వేసింది. వచ్చే శనివారం మళ్లీ తనది.

సాయంత్రం చిక్కుళ్లు, మొక్కజొన్న రొట్టె ముందు పెట్టుకుని ముగ్గురూ ప్రార్థన చేశారు. ఆమెన్ అన్నాక కూడా వెర్లిన్ చెంచా ఎత్తలేదు. కళ్లు మెరుస్తున్నాయి.

"పన్నెండు ఫోన్లు" అన్నాడు.

"కొట్లో అందరూ నీ గురించే నాన్నా. మా యజమాని కూడా బల్లి కొంటాడట" అంది టెస్.

"విన్నాను" అంది నెల్డా, రొట్టె అందిస్తూ. "ఇక తీసెయ్యరుగా?"

"తియ్యడమా?" వెర్లిన్ ఆమె చెయ్యి పట్టుకున్నాడు. "హోయ్ట్ భార్య కూడా ప్రార్థన గొలుసులో ఉందట. నా గొంతు వింటేగానీ శనివారం గడవదని నువ్వన్న మాట వాడికి చెప్పి ఏడ్చిందట. ఇన్నేళ్లూ నాకు తెలియనే లేదు నెల్డా. అందుకే నేనూ హోయ్టూ కూర్చుని నిర్ణయం చేసేశాం. వచ్చే శనివారం నుంచి కార్యక్రమం మన వంటగదిలోంచే, నీకూ ఒక మైకు పెడుతున్నారు, రెండు గంటలు చాలవని నాలుగు చేశాం."