జక్రయ్య నల్లి

“తప్పుకోరా జక్రయ్యా,” అన్నాడు చర్చి పక్క మిరప తోట చెంచురామయ్య, మందు పంపు వీపుకు తగిలించుకుని. “ఈ క్రిస్మస్ చెట్టు నిండా ఆకు రసం పీల్చే నల్లులంట. గోడ దాటి నా తోటలోకొచ్చాయంటే ఆకంతా ముడుచుకుపోద్ది.”

చర్చి కాపలాదారు జక్రయ్య చెట్టుకు అడ్డం నిలబడ్డాడు. “కొట్టమాకండయ్యా. అందులో నా పేరున్న నల్లి ఉంది.”

“నల్లికి పేరేందిరా?”

భూతద్దంతో కొమ్మను చూస్తున్న వ్యవసాయ కాలేజీ మేడమ్ అఖిల తలెత్తింది. “నిజమేనండీ. ఇది కొత్త జాతి. ముందు చూపించింది ఈయనే కాబట్టి జక్రయ్య అని పెట్టాం.”

“పేరు పెడితే మాత్రం, రసం పీల్చకుండా ఊరుకుద్దా అమ్మా?”

“ఇది ఆకు జోలికి పోదండీ. సాలీడులా వేటాడే రకం, ఆకును ముడిచే నల్లుల్నే పట్టుకు తింటుంది.”

చెంచురామయ్య పంపు దించాడు. భుజం మీది కండువా తీసి చంకలో పెట్టుకుని, కంటికి ఆనని ఆ ప్రాణి కోసం కొమ్మ ముందు వంగాడు.

“జక్రయ్యగారూ, తమరు ఓ నలుగురు మా తోటలోకి దయచెయ్యాలి.”

పుట్టిన దగ్గర్నుంచీ ఒకే ఊళ్లో ఉన్నా, ఆ నోటి వెంట తన పేరుకు ‘గారు’ రావడం జక్రయ్య ఎన్నడూ వినలేదు. పలకబోయి, పిలుపు తనకు కాదని గుర్తొచ్చి ఊరుకున్నాడు.