జనగామల చార్జి

వజ్రమ్మ మొగుడి సంచీలో తెల్ల చొక్కా, పంచె, సద్దిమూట సర్దింది. అన్నిటికీ అడుగున ఒక పసుపు పొట్లం, పాత చీర పేలిక పెట్టింది.

"గా పేలిక ఎందుకు?" అన్నాడు హన్మంత్.

"జనగామల దినాం లాఠీలు లేస్తున్నయట. తెలంగాణ అన్నోళ్ళనందర్ని కొడుతున్నరట. ఈ పాలికి పోకయ్యా."

"ఇప్పుడు పోకుంటే ఇగ ఎప్పుడు? పద్దెనిమిది చెరువుల కట్టలు చూసేది నేను. గండి పడితే మాట పడేది నేను. పేరుకు మాత్రం ఓవర్సీయర్."

నిజాం కాలంలో చేరిన కొలువు అది. గూడూరులో ఇంజనీరు కుర్చీ ఖాళీ అయ్యాక ఏడేళ్ళుగా ఆ పనంతా హన్మంతే చేస్తున్నాడు. హోదా రాలేదు. ఊరంతా 'ఇన్‌చార్జి సారు' అంటుంది. మొదట్లో మర్యాదగా అనేవాళ్ళు, ఇప్పుడు కాస్త నవ్వుతూ అంటున్నారు. నిన్ననే జనగామ పెద్దాఫీసు నుంచి కాగితం వచ్చింది, స్వయంగా రమ్మని.

జనగామ రైలు కోసం అతనెక్కిన మానుకోట బస్సు కదిలింది.

"పోతున్న" అన్నాడు కిటికీలోంచి.

"పోయొస్త అనాలెనయ్యా" అంటూ ఆమె బస్సు వెంట నాలుగడుగులు నడిచింది. బస్సు మోతలో అతనికి వినిపించలేదు. పోలీసు యాక్షన్ ఏడు ఆమె తమ్ముడు కూడా 'పోతున్నక్కా' అనే చెప్పి సంచీ అందుకున్నాడు. వాడి కబురు నేటికీ లేదు.

మర్నాడు సాయంత్రం, చెరువు తూము విప్పే నీరటి యాదగిరి మానుకోట నుంచి వచ్చి గడప బయటే నిలబడ్డాడు. తలరుమాలు చేతిలో ఉంది.

"అమ్మా, మానుకోట ఆఫీసుకు ఫోనొచ్చింది. జనగామల సారుకు చార్జి అయిందట."

"లాఠీ చార్జా?"

"చార్జి అన్నరు. ఈ దినాలల్ల వేరే చార్జి ఏముంటదమ్మా?"

"దవాఖానల ఉన్నడా? మాట్లాడుతున్నడా?"

"అడిగేలోపట ఫోన్ కట్టయిందట."

ఆ పూట ఆ ఇంట్లో పొయ్యి వెలగలేదు.

మూడో రోజు మిట్టమధ్యాహ్నం బస్సుకు ఆమె రోడ్డు మీదే ఉంది. పక్కన యాదగిరి. బస్సులోంచి హన్మంత్ దిగాడు. తలకు ఆ చీర పేలికే కట్టి ఉంది.

ఆమె కట్టు విప్పింది. చెమట తప్ప ఏమీ లేదు. మళ్ళీ తడిమి చూసింది.

"ఎండకు కట్టుకున్ననే. ఏందీ ఏడుపు?"

"చార్జి అయిందని చెప్పిండ్రు..."

"అయింది. లాఠీ చార్జి కాదు, ఆఫీసు చార్జి. హుకుం చేతికిచ్చి ఆడ్నే చార్జి తీసుకొమ్మన్నరు."

"మళ్ళ ఇన్‌చార్జేనా సారూ?" అన్నాడు యాదగిరి.

"ఆ మాట ఇగ మరిచిపో. ఇంజనీరు కుర్చీ నాదే."

వజ్రమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. "పోయొస్త అనకుంట పోయినవ్. నా పాణం నా దగ్గర లేదు."

"అననిదే మంచిగైంది" అన్నాడు హన్మంత్.

1969 జూన్ తొమ్మిదిన గూడూరులో బస్సెక్కిన ఇన్‌చార్జి సారు మళ్ళీ రాలేదు.