తల లేని పిట్ట

"ఇది నంబరు ప్లేటా, ఆసుపత్రి గోడా?" మెర్ల్ కొత్త ప్లేటును పైకెత్తి అందరికీ చూపించాడు. "తెల్ల రేకు, నల్ల అంకెలు. అంతే! పాత ప్లేటు మీది మన పిట్ట బొమ్మ ఏం పాపం చేసిందని పీకేస్తున్నారు?"

ఫైర్ స్టేషన్ ముందు బండ్లు వరసకట్టి ఉన్నాయి. జనం నవ్వారు.

"తప్పు పిట్టది కాదు, రంగుది," అన్నాడు అర్మాండ్, తన పికప్ ట్రక్కు వెనక మోకాళ్ల మీద కూర్చుని స్క్రూలు విప్పుతూ. "మంచు కరగాలని రోడ్డు మీద చల్లే ఉప్పు తగిలి పొరలు పొరలుగా ఊడిపోతోంది. దగ్గరికెళ్తే గానీ అంకె కనబడదు. మొన్న ఊరి సభలో గొంతు పోయేలా అరిచావుగా, ఇంకా తీరలేదా నీ బాధ?"

"ఎలా తీరుతుంది? ఇవాళ పిట్ట పోయింది. రేపు ప్లేటు బదులు ఫోనులా వెలిగే తెర తగిలిస్తారట. దానికీ ఛార్జింగ్ పెట్టి చావాలి."

అర్మాండ్ నవ్వి, విప్పిన ప్లేటును అందరికన్నా ముందుగా తీసుకెళ్లి వెర్నా చేతిలో పెట్టాడు.

వెర్నా ఇనప పీపా పక్కన, అర్మాండ్ పనిముట్ల పెట్టె మీద కూర్చుని ఉంది. చెక్క చల్లగా తగులుతుందని అతనే దాని మీద దుప్పటి మడిచి వేశాడు. ఆమె ప్లేటు మీది పిట్ట తలను బొటనవేలితో తడిమి చూసి, పీపాలో పడేసింది.

రెండేళ్ల కిందట, మంచు కురుస్తున్న సాయంత్రం, ఉత్తరాల డబ్బా దాకా వెళ్లిన ఆమె కూతురు జోసీని ఓ బండి గుద్ది ఆగకుండా పోయింది. కిటికీలోంచి చూస్తున్న తల్లికి బండి రంగైనా తెలియలేదు. వెనక దీపం వెలుగులో ప్లేటు మీది పిట్ట మాత్రం కనిపించింది. రంగు ఊడిపోయి ఆ పిట్టకు తల లేదు.

అప్పట్నుంచీ వెర్నా ఏ దుకాణానికి వెళ్లినా ముందు బండ్ల వెనక తిరిగేది. అందుకే పిట్ట ప్లేట్లన్నీ తీసుకుని కరిగించేస్తామని ప్రభుత్వం చెప్పినప్పుడు సభలో లేచి నిలబడింది. "అది దొరికేదాకా ఉంచండి. అందరూ మార్చేస్తే నేను దేన్ని వెతుక్కోను?" అని అడిగింది. అప్పుడు అర్మాండ్ లేచాడు. ఊరంతా ఒకే రోజు, ఒకే చోట మార్చుకుందామన్నాడు. విప్పే పని తనదే. ప్రతి ప్లేటూ వెర్నా చేతిమీదుగానే పీపాలో పడాలి. అక్కడ బండి అమ్మినా ప్లేటు యజమాని దగ్గరే ఉండిపోతుంది, షెడ్డు గోడకు కొట్టుకుంటారు. అవి కూడా తేవాలన్నాడు. ఇలాంటి మనిషి ఊరికొకడుంటే చాలని అందరూ అనుకున్నారు.

"స్క్రూ తుప్పు పట్టి కదలట్లేదు," అన్నాడు మెర్ల్. "వెర్నా, ఒక్కసారి లేస్తావా? పెట్టెలోంచి పట్టకారు తీసుకుంటాను."

"ఆవిణ్ణి లేపకు బాబూ! అసలే మోకాళ్ల నొప్పులు. స్టేషన్‌లో ఇంకోటుంది, తెచ్చుకో," అన్నాడు అర్మాండ్.

మెర్ల్ సణుక్కుంటూ లోపలికి పోయి తెచ్చుకున్నాడు.

"లూసీల్ ఎలా ఉంది?" అని అర్మాండ్‌ను అతని భార్య గురించి అడిగింది వెర్నా. "చర్చిలో బీన్స్ భోజనాలకు కూడా రావడం మానేసింది."

"చూపు మసకేసింది. ఆవిడ కారు కూడా అమ్మేశాగా. ఇల్లు కదలదు."

"నేనొచ్చి చూస్తానంటే వద్దంటుంది."

"నిన్ను చూస్తే జోసీ గుర్తొస్తుంది వెర్నా. ఇక రాత్రంతా ఏడుపే."

వెర్నా కళ్లు తుడుచుకుంది. తన బిడ్డ కోసం ఇంకో ఆడది ఏడుస్తోందంటే ఆమెకు ఎంతో ఊరటగా అనిపించింది.

"నేను చెరువులోంచి తీసిన ప్లేటు గుర్తుందా?" అన్నాడు మెర్ల్, తన ప్లేటు అందిస్తూ. "మంచుకి బెజ్జం కొట్టి చేపలు పడుతుంటే గాలానికి తగిలింది."

"ఎందుకు గుర్తులేదూ?" అంది వెర్నా. "షెరీఫ్ దగ్గరికి తీసుకెళ్లాంగా. రంగంతా పోయినా అంకెలు ఉబ్బెత్తుగా ఉంటాయి కదా, వేలితో తడిమి యజమాని పేరు చెప్పేశాడు. పాపం, ఎవరో ముసలాయనది. ఆ తలలేనిది కూడా ఒక్కసారి నా చేతికి దొరికితే చాలు."

అర్మాండ్ తర్వాతి బండి దగ్గరికి వెళ్లాడు.

పొద్దు వాలేసరికి బండ్లన్నీ వెళ్లిపోయాయి. పీపా నిండింది. చివరగా వెర్నా తన ప్లేటు కూడా అందులో వేసింది. తల లేని పిట్ట రాలేదు.

"అయితే మన ఊరివాళ్లు కాదు," అంటూ ఒక్కసారిగా భోరుమంది. "ప్రతి ఇంటినీ అనుమానంగా చూశాను. పక్కన కూర్చుని సూప్ తాగుతూ కూడా, వీళ్లేనేమో అనుకున్నాను. నీ ట్రక్కు వెనక్కి కూడా వెళ్లి చూశాను అర్మాండ్. నన్ను క్షమించు."

"ఊరుకో వెర్నా. తల్లివి, చూడక ఏం చేస్తావు?" అన్నాడు అర్మాండ్.

"ఇక వెతకను. ఈ ఒక్కరోజు కోసమే ప్రాణం ఉగ్గబట్టుకుని ఉన్నాను. నీ మేలు మరిచిపోలేను," అని అతన్ని కౌగిలించుకుని, మెల్లగా ఇంటిదారి పట్టింది.

మెర్ల్ సాయం పట్టగా పీపాను ట్రక్కులోకి ఎక్కించారు. పెట్టెను మాత్రం అర్మాండ్ తనే మోసుకొచ్చి పక్కసీట్లో పెట్టుకున్నాడు. తెల్లారితే ఆ రేకులన్నీ కొలిమికి పోతాయి.

జోసీ పడిపోయిన మలుపు దాటాక, ఇళ్లు లేని చోట ట్రక్కు ఆపి దిగాడు.

పెట్టె అడుగునుంచి, లూసీల్ కారుకుండిన తల లేని పిట్టను తీసి, పీపాలో కలిపేశాడు.