బెదురమ్మను వెంట తెచ్చుకున్న ఎలుక

వరిచేని గట్టులో గోధుమన్న అనే ఒంటరి ఎలుక ఉండేవాడు. వాడి తలలో మాత్రం ముగ్గురు కాపురముండేవారు. ముక్కు వెనక వాసనమ్మ, నడిమధ్య తొందరయ్య, ఓ మూల బెదురమ్మ.

ఎదురుగట్టు మీది నల్లపూస అనే ఆడ ఎలుక మీద వాడికి మనసు. కోతలు మొదలైతే ఆమె వేరే చేనికి పోతుంది. రెండుసార్లు బయల్దేరాడు గాని, ఆకు కదిలితే చాలు, బెదురమ్మ వెనక్కి లాక్కొచ్చింది.

"వీళ్లిద్దరినీ నమ్ముకుంటే నీకు పెళ్లయినట్టే. నేను చాలు, పద," అన్నాడు తొందరయ్య.

గోధుమన్న వాసన చూడకుండా పరుగెత్తి కనబడ్డ కన్నంలో దూరాడు. లోపల పందికొక్కు తాత మీసం దువ్వుకుంటూ, "ఏరా మనవడా, నన్ను చేసుకుంటావా?" అన్నాడు.

గోధుమన్న సిగ్గుపడి ముగ్గురినీ బతిమాలుకున్నాడు. వాసనమ్మ దారి చూపింది, తొందరయ్య కాళ్లు కదిపాడు. ఎదురుగట్టు చేరిన వాణ్ణి చూసి నల్లపూస నాలుగడుగులు ఉరికి, పరీక్షించడానికి ఆగింది.

"దూకు," అన్నాడు తొందరయ్య.

"ఆగు, పైన గద్ద," అంది బెదురమ్మ.

"అమ్మాయ్, గద్ద. ఇటు రా," అని గోధుమన్న ఆమెను దుబ్బు కిందికి పిలిచాడు. గద్ద దాటిపోయింది.

"మొన్న పారిపోయింది నువ్వేగా?" అని అడిగింది నల్లపూస.

"నేనే. నా తలలో ఒకావిడ ఊరికే బెదురుతుంది. వదిలేసి వద్దామనుకున్నాను."

"వదలకు. రేపు పిల్లలు పుట్టాక ఇంటికి పనికొచ్చేది ఆవిడే," అంటూ నల్లపూస జరిగి చోటిచ్చింది.

ఆ పూట తొందరయ్యకు ఎవరూ అడ్డు చెప్పలేదు.