ఒక్క రోజు కూలి

ఆ రోజుల్లో పలాసలో సర్కారు సాయం అందే ప్రతి ఇంటి గోడకీ ఒక మాట్లాడే పలక ఉండేది. పిల్లల చదువు పొదుపును కాపాడేది అదే. జీడిపిక్కలు కొట్టే దాలమ్మ కూతురు జలజను నర్సు చదివించడానికి, పిల్ల పుట్టిననాటి నుంచీ అందులో డబ్బు పోగవుతోంది.

ఇంతలో దాలమ్మ జ్వరంతో మంచం పట్టింది. మందులకు డబ్బు లేక, ఒక్క రోజు తల్లికి బదులు జలజ జీడి ఫ్యాక్టరీకి వెళ్లింది. అక్కడి గేటు కెమెరా ఆమె మొహాన్ని గుర్తుపట్టింది.

సాయంత్రం పలక మృదువుగా చెప్పింది: "జలజ గారు కూలిపనిలో చేరారు. నిబంధన ప్రకారం చదువు పొదుపు రద్దయింది."

"ఒక్క రోజే బాబూ! నేను మంచం మీంచి నెగనేక పంపినాను. పిల్ల సదువుకుంటాది," అంటూ దాలమ్మ గోడకు దండం పెట్టింది.

"మీ బాధ అర్థమైంది. ఇంకేమైనా సహాయం కావాలా?"

"ఊరుకోవే అమ్మా," అంది జలజ. "ఎవులికి సెప్తన్నావు?"

జ్వరం తగ్గాక దాలమ్మ పొదుపు ఆఫీసుకు వెళ్లింది. అక్కడ మనుషులెవరూ లేరు, గోడకు అలాంటి పలకే ఉంది.

సోమవారం జలజ పనికి బయల్దేరుతుంటే దాలమ్మ ఆమెను కూర్చోబెట్టి, జీడిసొనకు చర్మం కాలకుండా వేళ్లకు ఆముదం ఎలా పట్టించుకోవాలో చూపించింది. ఈ ఒక్క పనీ కూతురికి నేర్పే అవసరం రాదనుకునే ఇన్నాళ్లూ బతికింది.